తెలిసిన దాత, తెలియని చిక్కులు



గత నెలలో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, ఒక యువ దంపతులు మా ఇంటికి వచ్చారు. ప్రభుత్వ సర్వీసు నుండి పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళు గడిచినా, తిరుపతిలో పాత పరిచయాలు అంత తేలికగా వదలవు. ఆ అమ్మాయి పుట్టింది నా చేతుల మీదుగానే. ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా ఇద్దరూ తాకలేదు. అబ్బాయి తల ఎత్తలేదు. చివరకు ఆ అమ్మాయే ఫోను తీసి ఒక వీడియో చూపించింది. అందులో సూది లేని సిరంజి, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, పక్కన ఒక క్యాలెండరు.

"అమ్మా, ఇది ఇంట్లోనే చేసుకోవచ్చంట. నిజమేనా?" అని అడిగింది.

వారికి పెళ్ళయి ఆరేళ్ళు. మొదటి మూడేళ్ళు పరీక్షలన్నీ ఆ అమ్మాయికే, మందులన్నీ ఆ అమ్మాయికే. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ కూడా ఆ అమ్మాయి జాతకం చూసే చేయించారు. నాలుగో ఏట అబ్బాయికి వీర్య పరీక్ష చేస్తే కణాలు ఒక్కటీ లేవని తేలింది. ఆసుపత్రిలో దాత వీర్యం గురించి చెప్పారట. ఖర్చు ఒక భయం. "ఎవరిదో, ఎలాంటిదో" అన్నది అంతకు మించిన భయం. 2025 జూలైలో సికింద్రాబాదులోని ఒక సంతాన సాఫల్య కేంద్రంపై, సరోగసీ పేరిట వేరొకరి బిడ్డను దంపతుల చేతిలో పెట్టారన్న ఆరోపణతో పోలీసులు కేసు నమోదు చేసిన వార్త వారి భయాన్ని రెట్టింపు చేసింది. అప్పుడు అబ్బాయి మనసులో తన ప్రాణస్నేహితుడు మెదిలాడు. చిన్ననాటి నుండి ఒకే వీధి, ఒకే బడి. ఇద్దరు బిడ్డల తండ్రి. చెడు అలవాట్లు లేవు. అడిగితే కాదనలేదట.

"తెలిసినవాడు కదమ్మా, భయమెందుకు?" అన్నాడు అబ్బాయి, వచ్చిన తర్వాత మొదటిసారి నోరు విప్పి.

ఆ మాట విని నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. అదే మాటను 1990లో ఒకసారి విన్నాను. అప్పుడు తల ఊపాను. ఆ తల ఊపడం ఎంత దూరం వెళ్ళిందో ఈ రోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. తప్పు మాత్రం నాదే, దానిని మార్చలేదు.

1990 నాటి సంగతి

అప్పుడు నేను నాటి చిత్తూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఒక పల్లె నుండి అత్తాకోడళ్ళు వచ్చేవారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా బిడ్డలు లేరు. కోడలికి ఏ లోపమూ కనబడలేదు. ఎంతో నచ్చజెప్పగా కొడుకు ఒకసారి వచ్చి పరీక్షకు వీర్యం ఇచ్చి వెళ్ళాడు. ఫలితంలో కణాలు సున్నా. ఆ కాగితం కోసం అతడు రాలేదు, తల్లి వచ్చింది. నేను ఆమె చేతికే ఇచ్చి, అర్థం విడమరచి చెప్పాను. "మావాడికి చెప్పొద్దు డాక్టరమ్మా, కుంగిపోతాడు" అన్నది. సరేనన్నాను. ఒక పురుషుని శరీరానికి సంబంధించిన విషయాన్ని అతనికి చెప్పకుండా వేరొకరికి చెప్పడం తప్పని నాకు తెలియక కాదు. ఆ రోజుల్లో అలాగే జరిగేది. జరిగేదే కదా అని నేనూ చేశాను.

ఎనిమిది నెలల తర్వాత ఆ కోడలు మూడో నెల గర్భంతో వచ్చింది. నా ముఖంలోని ప్రశ్న అత్తకు అర్థమైంది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది. కొడుక్కి తమ్ముళ్ళు లేరు. అందుకని తన అల్లుణ్ణి, అంటే కూతురి భర్తను, ఒప్పించింది. ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర ఒక గాజు సిరంజి తెచ్చింది. పని అంతా ఆమే చూసుకున్నది. "ఒకరినొకరు తాకింది లేదమ్మా. తెలిసినవాడు, ఇంటి మనిషి. బయటోడైతే భయపడాల" అన్నది.

పక్కనే కూర్చున్న కోడలు ఒకే ఒక మాట అన్నది. "ఆయన నాకు అన్న వరసమ్మా."

ఆడబిడ్డ భర్త మన వరుసల్లో అన్నే. ఆ మాటలో ఫిర్యాదు లేదు, కన్నీరూ లేదు. అయినా నేను ఆగి, "నిన్నెవరైనా అడిగారా తల్లీ?" అని ఒక్క ప్రశ్న వేసి ఉండవలసింది. వేయలేదు. నేను ఆధునికురాలినని నాకు కొంత అతిశయం ఉండేది. పల్లెటూరి అత్త ఇంత ధైర్యం చేసిందే అని లోలోపల మెచ్చుకున్నాను కూడా. "మంచిది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంచుకోండి" అని చెప్పి, ఐరన్ మాత్రలు రాసి పంపాను.

సంతానం కోసం అత్తగారు దాతను నిర్ణయించడం మనకు కొత్త కాదు. భారతంలో సత్యవతి చేసినది అదే. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోయినప్పుడు, వంశం నిలపడానికి తన పెద్ద కుమారుడైన వ్యాసుని పిలిపించింది. అంబిక కళ్ళు మూసుకొన్నది, అంబాలిక పాలిపోయింది. ఆ కథను మనం ధృతరాష్ట్రుని అంధత్వానికీ, పాండురాజు దేహకాంతికీ కారణంగా మాత్రమే చెప్పుకుంటాము. ఆ ఇద్దరు స్త్రీల సమ్మతి ఎవరూ అడగలేదన్న సంగతి అందులోనే ఉన్నది. నా ఎదుట కూర్చున్న కోడలి ముఖం నేను ఆనాడు సరిగా చూడలేదు.

ఆడపిల్ల పుట్టింది. తండ్రి మురిసిపోయి ఆసుపత్రి అంతా మిఠాయి పంచాడు.

పద్దెనిమిదేళ్ళ తర్వాత

2008లో, నా పదవీ విరమణకు కొద్ది నెలల ముందు, ఆ తల్లి ఒంటరిగా వచ్చింది. జుట్టు నెరిసింది. అత్త చనిపోయి చాలా కాలమైందట. కూతురు డిగ్రీలో చేరిందట. ఆడబిడ్డ తన పెద్దకొడుక్కి ఆ పిల్లను అడుగుతోంది. భర్తకు పట్టరాని సంతోషం. మేనత్త కొడుకు, తెలిసిన ఇల్లు, ఇచ్చిపుచ్చుకోవడాల గొడవ లేదు. మన సీమలో ఇంతకన్నా సహజమైన సంబంధం వేరొకటి ఉండదు.

"ఇద్దరికీ నాయన ఒకడే గదమ్మా" అన్నది ఆమె. అంతవరకూ బిగబట్టుకున్న దుఃఖం అప్పుడు పొంగింది.

"ఆయనేమన్నాడు?" అని అడిగాను.

"చెప్తే తలొంచుకొని ఎల్లిపోయినాడు. ఆడబిడ్డకు తెలీదు, మా ఇంటాయనకు తెలీదు. నేను ఎవరికి చెప్పాల? ఏమని చెప్పాల?"

నిజం తెలిసినవారు ముగ్గురమే మిగిలాము. నిజం చెబితే రెండు కాపురాలు, ఒక తండ్రి ప్రేమ, ఒక పిల్ల బతుకు ఏమవుతాయో ఊహించలేము. చెప్పకపోతే ఒకే తండ్రి బిడ్డలు పెళ్ళి పీటల మీద కూర్చుంటారు.

చివరకు నేను ఒక ఉపాయం చేశాను. ఆమె భర్తను పిలిపించి, మేనరికాల వల్ల పుట్టే బిడ్డలకు వచ్చే జబ్బుల గురించి గంటసేపు చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజమే. చెప్పిన కారణం మాత్రం అబద్ధం. "మా అమ్మా నాయనా మేనరికమే. మాకేమైంది డాక్టరమ్మా?" అని అతడు నిలదీశాడు. మీకేమైందో నా పాత రిజిస్టరులో ఉన్నదని చెప్పలేను కదా! అదృష్టవశాత్తు ఆ పిల్ల తానే చదువు ఆపనని పట్టుపట్టింది. సంబంధం తప్పిపోయింది. ఆడబిడ్డ దానిని అవమానంగా తీసుకున్నది. తోబుట్టువుల ఇళ్ళ మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఏ తప్పూ చేయని ఆ అన్నాచెల్లెళ్ళు, ఎందుకో తెలియకుండానే, ఒకరికొకరు దూరమయ్యారు.

ఆనాటి సిరంజి పని కొన్ని నిమిషాలది. దాని గుట్టు మోయవలసిన కాలం మాత్రం ఆ పిల్ల ఆయుష్షంత.

మేనరికపు సీమలో ఈ పని ఎందుకు మరింత ప్రమాదం

ఈ చిక్కును ఇతర ప్రాంతాల వారి కంటే మనం ఎక్కువ జాగ్రత్తగా ఆలోచించాలి. రాయలసీమలో మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్ళిళ్ళు, మేనమామతో మేనకోడలి పెళ్ళి తరతరాలుగా జరుగుతున్నాయి. ఎవరు ఎవరికి ఏ వరుస అన్నది ఇక్కడ మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే కాదు, ఎవరిని పెళ్ళాడవచ్చో తేల్చే లెక్క. దాత బంధువైనా, అదే వీధిలోని స్నేహితుడైనా, ఆ లెక్కలో ఒక అంకె రహస్యంగా మారిపోతుంది. తర్వాతి తరం వారు ఆ తప్పు లెక్కను నమ్మి పెళ్ళిళ్ళు కుదుర్చుకుంటారు.

జన్యుశాస్త్రం ప్రకారం ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. మేనత్త, మేనమామ బిడ్డలు పెళ్ళాడితే, వారికి పుట్టే బిడ్డలో ఏ జన్యువునైనా తీసుకొంటే దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చే అవకాశం 16లో 1. మేనమామ, మేనకోడలు అయితే 8లో 1. తండ్రి ఒకడై తల్లులు వేరైన ఇద్దరి విషయంలోనూ అది 8లో 1. అంటే ఈ లెక్కలో మేనమామ పెళ్ళికీ దీనికీ తేడా లేదు. అయితే మేనమామ పెళ్ళి తెలిసి చేసుకునేది. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధుత్వాల నుండి ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇస్తుంది, మేనరికాలు నిలిచేది అందువల్లనే. ఒకే తండ్రి బిడ్డల పెళ్ళిని మన ఆచారం ఏదీ అంగీకరించదు. తలసీమియా వంటి జబ్బులను మోసే జన్యువు ఆ తండ్రిలో ఉంటే, అది ఇరువైపులా దాగి ఉన్న సంగతి ఏ వైద్యునికీ తెలియదు. కుటుంబ చరిత్ర అడిగినప్పుడు ఆ బిడ్డ చెప్పే జవాబులో తండ్రి వైపు భాగం మొత్తం తప్పే.

ఇది పల్లెటూళ్ళ సమస్య అని కొట్టివేయనవసరం లేదు. నెదర్లాండ్స్‌లో ఒకే దాత ద్వారా 500కు పైగా బిడ్డలు పుట్టారని తేలడంతో, 2023 ఏప్రిల్‌లో హేగ్ నగరంలోని కోర్టు అతడు ఇక దానం చేయకూడదని ఆదేశించింది. తోబుట్టువులు తెలియక ఒకరినొకరు ఇష్టపడే ప్రమాదం అక్కడి తల్లిదండ్రులనూ భయపెట్టింది.

వైద్యపరంగా

వీడియోలో చూపించే పని శరీరశాస్త్రానికి విరుద్ధమైనది కాదు. అండం విడుదలైన తర్వాత 12 నుండి 24 గంటలు మాత్రమే జీవిస్తుంది. వీర్యకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా ఉండగలవు. ఆ రోజుల్లో వీర్యం గర్భాశయ ముఖద్వారం దగ్గరకు చేరితే గర్భం రావచ్చు. లండన్‌లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు పద్దెనిమిదో శతాబ్దంలోనే ఒక బట్టల వ్యాపారి భార్యకు, భర్త వీర్యంతోనే, ఈ విధంగా గర్భం కలిగించినట్లు చెబుతారు. కనుక "ఇది పనిచేయదు" అని నేను మిమ్మల్ని మభ్యపెట్టను. ప్రమాదాలు వేరే ఉన్నాయి.

మొదటిది అంటువ్యాధి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్, గనేరియా, క్లమీడియా వంటివి వీర్యం ద్వారా లేదా దానం చేసేవారి నుండి వచ్చే ఇతర స్రావాల ద్వారా సోకగలవు. 1985లో ఆస్ట్రేలియాలో ఒకే దాత వీర్యం వల్ల నలుగురు స్త్రీలకు హెచ్ఐవీ సోకిన సంగతి లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1986లో, మనకు కూతవేటు దూరంలోని మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలసి మన దేశంలో తొలి హెచ్ఐవీ కేసులను వెలుగులోకి తెచ్చారు. 1990లో నాకు ఈ రెండు సంగతులూ తెలుసు. అయినా ఆ కోడలికి హెచ్ఐవీ పరీక్ష చేయించాలని తోచలేదు. ఎందుకంటే అతడు "తెలిసినవాడు". మంచివాడు అన్నది స్వభావానికి సంబంధించిన మాట, రక్తపరీక్ష ఫలితం కాదు. పైగా కొత్తగా సోకిన జబ్బు కొన్ని వారాల పాటు పరీక్షకు చిక్కదు. అందుకనే వీర్య బ్యాంకుల్లో వీర్యాన్ని గడ్డకట్టించి దాచి, ఆరు నెలల తర్వాత దాతను మళ్ళీ పరీక్షించి, అప్పుడే వాడే పద్ధతి వచ్చింది. ఇంట్లో తాజాగా వాడే వీర్యానికి ఈ రక్షణ లేదు.

రెండవది గర్భాశయానికి హాని. ఆసుపత్రిలో చేసే ఐయూఐలో వీర్యాన్ని ప్రయోగశాలలో శుద్ధి చేసి, కణాలను మాత్రమే గర్భాశయంలోకి పంపుతారు. వీడియోలు చూసి కొందరు సన్నని గొట్టంతో శుద్ధి చేయని వీర్యాన్ని లోపలికి పంపే సాహసం చేస్తున్నారు. దానివల్ల తీవ్రమైన కడుపునొప్పి, ఇన్ఫెక్షన్, అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కలగవచ్చు. ఇన్ఫెక్షన్ వల్ల అండవాహికలు మూసుకుపోతే, లోపం లేని స్త్రీకి కొత్తగా లోపం తెచ్చిపెట్టినట్లే.

మూడవది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. పరిచయస్తులు గానీ, ఫోనులో పరిచయమైనవారు గానీ, సిరంజితో మొదలుపెట్టి "ఇలా అయితే ఫలించదు, నేరుగా అయితేనే" అని ఒత్తిడి చేయవచ్చు. నాలుగు గోడల మధ్య, గుట్టుగా జరిగే పనిలో ఆ స్త్రీకి ఎవరు అండ?

చట్టం ఏమంటుంది

భారత వైద్య పరిశోధన మండలి 2005లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, భార్యాభర్తల బంధువులు గానీ, తెలిసిన స్నేహితులు గానీ ఇచ్చిన వీర్యాన్ని వాడరాదని చెప్పింది. ఆ తర్వాత 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుండి అమలులో ఉన్నది. దాని ముఖ్యాంశాలు ఇవి.

1. దాతల నుండి వీర్యం సేకరించి, పరీక్షించి, భద్రపరచవలసినది నమోదైన బ్యాంకులు మాత్రమే. వీర్యదాత వయసు 21 నుండి 55 ఏళ్ళ మధ్య ఉండాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి.

2. ఒక దాత వీర్యాన్ని ఒక్క దంపతులకు మించి ఇవ్వరాదు. పైన చెప్పిన తోబుట్టువుల చిక్కు రాకుండా చేసిన ఏర్పాటు ఇది.

3. సంబంధించిన వారందరి లిఖితపూర్వక సమ్మతి లేకుండా క్లినిక్కులు చికిత్స చేయరాదు. భార్య సమ్మతి, భర్త సమ్మతి విడివిడిగా కావాలి. 1990లో ఆ ఇంట్లో ఈ రెండూ లేవు.

4. ఈ పద్ధతిలో పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ దంపతుల సొంత బిడ్డే. దాతకు బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు.

5. స్త్రీకి 21 నుండి 50 ఏళ్ళ లోపు, పురుషునికి 21 నుండి 55 ఏళ్ళ లోపు ఈ సేవలు లభిస్తాయి. ఒంటరి స్త్రీ కూడా వీటిని పొందవచ్చు.

ఇంట్లో గుట్టుగా చేసుకునే పనికి ఈ కాగితాలేవీ ఉండవు. "స్టాంపు పేపరు మీద రాయించుకుంటాము" అని ఆ అబ్బాయి అన్నాడు. అటువంటి పత్రాన్ని నమ్ముకొని బిడ్డ భవిష్యత్తును నిర్ణయించకండి. వివాహబంధంలో పుట్టిన బిడ్డను భర్త బిడ్డగానే పరిగణించే సూత్రం మన సాక్ష్య చట్టంలో ఎప్పటి నుండో ఉన్నది, 2024 జూలై నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలోనూ 116వ సెక్షనుగా కొనసాగింది. అది కొంత రక్షణే. కానీ స్నేహం చెడినప్పుడు, ఆస్తి తగాదా వచ్చినప్పుడు, ఎవరో ఒకరు నోరు జారినప్పుడు, కోర్టు గెలిపించినా ఊరు గెలిపించదు.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక వ్యక్తి, వైద్యుని ప్రమేయం లేకుండా, ఒక జంటకు వీర్యం ఇచ్చాడు. హక్కులూ బాధ్యతలూ తనకు లేవని పత్రం రాసుకున్నారు. 2014లో అక్కడి కోర్టు ఆ పత్రాన్ని పక్కన పెట్టి అతడే చట్టబద్ధమైన తండ్రి అన్నది. 2016లో మరో తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. వైద్యుని చేతుల మీదుగా జరగలేదన్న ఒక్క కారణానికి అన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరగవలసి వచ్చింది.

దాత మాట ఎత్తకముందు

వీర్యంలో కణాలు లేవని ఒక కాగితం చెప్పగానే దాత దగ్గరకు పరుగెత్తకండి. ముందు ఈ పనులు చేయండి.

వీర్య పరీక్షను మంచి ప్రయోగశాలలో, రెండు నుండి ఏడు రోజుల విరామం పాటించి, కనీసం రెండుసార్లు చేయించండి. తర్వాత పురుషుణ్ణి యూరాలజిస్టుకు గానీ ఆండ్రాలజిస్టుకు గానీ చూపించండి. కణాలు కనబడకపోవడానికి రెండు ముఖ్య కారణాలు. ఒకటి, కణాలు తయారవుతున్నా దారిలో అడ్డంకి ఉండడం. పాత ఇన్ఫెక్షన్లు, హెర్నియా శస్త్రచికిత్సలో నాళం దెబ్బతినడం, పుట్టుకతోనే నాళం లేకపోవడం ఇందుకు కారణాలు. రెండవది, తయారీలోనే లోపం. యవ్వనంలో గవదబిళ్ళలు వృషణాలకు పాకడం, చిన్నతనంలో వృషణాలు కిందికి దిగకపోవడం, క్రోమోజోముల లోపం వంటివి. జిమ్ములో కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కూడా కణాలను పూర్తిగా ఆపివేయగలవు, చాలామందిలో అవి మానితే కొన్ని నెలలకు తిరిగి వస్తాయి. మెదడులోని పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు తక్కువైతే ఇంజెక్షన్లతో సరిచేయవచ్చు. అడ్డంకి ఉన్నవారికి వృషణం నుండే సూదితో కణాలు తీసి, ఒక్కొక్క కణాన్ని ఒక్కొక్క అండంలో ప్రవేశపెట్టే ఇక్సీ పద్ధతి 1992 నుండి ప్రపంచంలో ఉన్నది. అంటే దాత అవసరమే లేకపోవచ్చు.

ఇవన్నీ విఫలమైతే, నమోదైన క్లినిక్కులో బ్యాంకు దాత వీర్యంతో ఐయూఐ ఒక గౌరవప్రదమైన మార్గం. క్లినిక్కు గోడ మీద రిజిస్ట్రేషన్ పత్రం అడిగి చూడండి, ప్రతి చెల్లింపుకూ రసీదు, ప్రతి సంతకానికీ నకలు తీసుకోండి. దత్తత మరొక మార్గం. కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారానే దరఖాస్తు చేయాలి, మధ్యవర్తుల మాట నమ్మకండి. బిడ్డలు లేకుండా ఇద్దరే నిండుగా బ్రతకడం కూడా ఒక మార్గమే. దానిని ఓటమి అనే హక్కు బంధువులకు లేదు.

ఇప్పటికే ఇంట్లో ప్రయత్నించిన వారు ఎవరైనా ఇది చదువుతుంటే, సిగ్గుపడకండి, ఆలస్యం చేయకండి. 72 గంటలలోపు అయితే హెచ్ఐవీ సోకకుండా వాడే మందుల గురించి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. తర్వాత ఐసీటీసీ కేంద్రంలో ఉచితంగా, గోప్యంగా పరీక్ష చేస్తారు. సలహాకు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. హెపటైటిస్ బి టీకా వేయించుకోండి. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే అదే రోజు వైద్యురాలిని కలవండి. గర్భం వచ్చి ఉంటే మీ వైద్యురాలికి నిజం చెప్పండి. ఆమె నాలా తల ఊపి ఊరుకోకపోతే మీ అదృష్టం.

ఆ సాయంత్రం

ఇదంతా చెప్పి, నేను ఆ అమ్మాయి వైపు తిరిగాను. 1990లో అడగని ప్రశ్నను ఇప్పుడు అడిగాను. "నీకు ఇష్టమేనా తల్లీ?"

ఆమె భర్త వైపు చూడకుండా చెప్పింది. "ఆయన దినామూ మా ఇంటికి వస్తాడమ్మా. రేపు బిడ్డ పుట్టినాక కూడా వస్తాడు. బిడ్డను ఎత్తుకుంటాడు. నేను ఆ మొహం ఎట్ల చూడాల?"

అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అతనికి అంతవరకూ చెప్పలేదట. అతడు అడగనూ లేదట.

తర్వాత అతణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాను. చిన్నప్పుడు రెండు వైపులా హెర్నియాకు శస్త్రచికిత్స జరిగిందని అప్పుడు చెప్పాడు. నాలుగేళ్ళుగా ఏ డాక్టరూ అడగలేదట. యూరాలజిస్టుకు ఉత్తరం రాసి ఇచ్చాను. పది రోజుల తర్వాత ఫోను చేశాడు. హార్మోన్లు సక్రమంగా ఉన్నాయని, దారిలో అడ్డంకి ఉండవచ్చని అన్నారట. ఇంకా పరీక్షలు మిగిలి ఉన్నాయి. ఫలితం ఏమవుతుందో నేను చెప్పలేను. స్నేహితునికి మాత్రం వద్దని చెప్పేశాడట. "వాడు కూడా ఊపిరి పీల్చుకున్నాడమ్మా. అప్పటి నుండి నిద్ర పట్టలేదంట" అన్నాడు.

1990లో నా దగ్గరకు వచ్చిన ఆ తల్లి ఇప్పుడెక్కడ ఉన్నదో నాకు తెలుసు. ఆమె కూతురు చదువు పూర్తి చేసి, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ, బయటి సంబంధమే చేసుకున్నది. తండ్రి ఇప్పటికీ ఆ బిడ్డే ప్రాణంగా ఉన్నాడు. ఎప్పుడైనా పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఆ తల్లి నాకు నమస్కరిస్తుంది, నేను ప్రతినమస్కారం చేస్తాను. ఆ విషయం మాత్రం మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాదు.

మీ ఇంట్లో గానీ, మీకు తెలిసినవారి ఇంట్లో గానీ ఈ ఆలోచన ఉంటే, తొందరపడి ఏ పనీ చేయకముందు పై సంగతులు ఒకసారి చదివి వినిపించండి. ముందుగా పురుషునికి పరీక్ష చేయించండి, తర్వాత స్త్రీ అభిప్రాయం అడగండి.

మీ అందరి ఆరోగ్యం కోరుతూ,
మీ డాక్టరమ్మ, తిరుపతి